హెల్మి కోళ్లు

చేయాల్సిన పనులు ఇవి. గుడ్లు పొదిగే పెట్టె అడుగున ఉన్న గాడిలో నీళ్లు నిండుగా ఉండాలి. గోరువెచ్చనివే పోయాలి, చల్లనివి పోయకూడదు. గుడ్లని తిప్పడం ఇక ఆపేయాలి. గాలి రంధ్రాలకున్న రెండు బిరడాల్లో ఒకటి తీసేయాలి. కోడిపిల్లలు బయటికొచ్చాక ఉంచడానికి అట్టపెట్టె సిద్ధం చేసి, అందులో రంపంపొట్టు పరవాలి. వార్తాపత్రిక పరిస్తే కాళ్లు జారి, ఎడంగా సాగిపోయి, ఇక నిలబడలేవు. అట్టపెట్టె మీద దీపం వేలాడదీసి ముందురోజే వెలిగించి చూసుకోవాలి. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేయాలి, లేకపోతే పిల్లలు అందులో పడి మునిగిపోతాయి. పిల్లిని తీసుకెళ్లి రూడీ ఇంట్లో వదిలి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక పిల్ల బయటికొచ్చింది కదా అని మూత తీయకూడదు.

ఇదంతా నేనే కాగితం మీద రాసి తౌనో తాత ఫ్రిజ్‌కి అంటించాను. చివరి వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాను.

నేను మా ఊరి బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతాను. ప్రతి వసంతంలోనూ తరగతి గదిలో ఇంక్యుబేటర్ పెట్టి గుడ్లు పొదిగించడం మాకు అలవాటు. ఈ ఏడు ఇద్దరు పిల్లలకి ఈకలు పడవని డాక్టరు చీటీ రావడంతో పెట్టె బీరువాలోనే ఉండిపోయింది. దాన్నే తౌనో తాతకి ఇచ్చాను.

తౌనో లాసిలా మా పక్కింటాయన. పక్కిల్లంటే మధ్యలో ఒక గడ్డిబీడు, ఒక బర్చ్ చెట్ల వరస ఉన్నాయి. ఆయన భార్య హెల్మి. మా నాన్న దుంగల లారీ నడుపుతాడు, అమ్మ బడి వంటగదిలో పనిచేసేది. ఇద్దరూ చీకటి ఉండగానే వెళ్లిపోతే, నాకు జడ వేసి బడి బస్సు ఎక్కించింది హెల్మియే. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్లలో నేనే మొదటిదాన్ని. పట్టా తీసుకున్న రోజు అమ్మానాన్నలతో పాటు మూడో కుర్చీలో కూర్చున్నది కూడా ఆవిడే.

హెల్మి జనవరిలో పోయింది. అమెరికా ఉత్తరపు అంచున ఉన్న ఈ ఎగువ మిషిగన్‌లో జనవరిలో నేల గడ్డకట్టి ఉంటుంది, తవ్వడం కుదరదు. చలికాలంలో పోయినవాళ్లని సమాధుల తోట చివర ఉన్న రాతి గదిలో ఉంచి, మే నెలలో మట్టి మెత్తబడ్డాక భూస్థాపన చేస్తారు. ఎవరింట్లో జరిగినా అంతే. తౌనో తాత ప్రతి ఆదివారం ఆరాధన అయిపోగానే ఆ రాతి గది దాకా మంచులో నడిచి, తలుపు ముందు కాసేపు నిలబడి, గొళ్లెం గట్టిగా పడిందో లేదో కదిపి చూసి వచ్చేవాడు. ఒక్కో ఆదివారం నేనూ వెంట వెళ్లేదాన్ని.

వాళ్లకి పిల్లలు లేరు. హెల్మికి కోళ్లుండేవి. బూడిదరంగు మీద తెల్లచుక్కలు, పొట్టి కాళ్లు, ఎంత చలిలోనైనా గుడ్డు పెట్టే రకం. ఏ జాతి అని ఎవరైనా అడిగితే "మా అమ్మ జాతి" అనేది. అది నిజమే. ఆ పొలం, ఆ ఇల్లు, ఆ కోళ్లు అన్నీ హెల్మి తల్లివి. తౌనో తాతే అల్లుడిగా అక్కడికి వచ్చాడు.

మార్చి చివర్లో కోళ్లగూటిలోకి, మంచుకాలంలో తెల్లబడే, ముంగిసలాంటి చిన్న జంతువు ఒకటి దూరింది. అది తినడానికి చంపదు. కదిలే ప్రతిదాన్నీ చంపుతుంది. ఒక్క కోడీ మిగల్లేదు, పుంజు కూడా.

ఆ మర్నాడు తౌనో తాత నీలం గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. గిన్నెనిండా గుడ్లు.

"టీచరమ్మా, మీ బళ్లో ఆ గుడ్ల పెట్టె ఉంది కదూ?"

"ఉంది తాతా. ఎందుకు?"

"ఇవి వెనక గదిలో చల్లగా ఉండిపోయాయి. నేనొక్కణ్నే ఎన్నని తింటాను? పొదిగిస్తే పిల్లలవుతాయా?"

"అవ్వచ్చు. గట్టిగా చెప్పలేను."

"అవ్వాలి మరి. మే నెలలో ఆమెని మట్టిలో పెట్టాలి. ఆమె కోళ్లు ఒక్కటీ లేకుండా చేసి, ఏ మొహం పెట్టుకుని వెళ్లను అక్కడికి?"

అదీ ఆయన కోరిక. ఇంకేం అడగలేదు.

గుడ్లు పెట్టెలో పెట్టిన వారానికి దీపం ముందు పట్టి చూస్తే సగానికి పైగా గుడ్లలో ఏమీ లేదు. తొమ్మిదింటిలో మాత్రం సన్నటి ఎర్రదారాలు కనిపించాయి. పెట్టెని మొదటిరోజే ఆయన వంటింటి బల్లమీద పెట్టాం. అప్పటినుంచి ఆయన భోజనం, కాఫీ, రేడియో వినడం అన్నీ ఆ బల్ల దగ్గరే. నేను బడినుంచి వచ్చేటప్పుడు రోజూ ఆగి వేడి చూసి వచ్చేదాన్ని. నిజానికి నేను చూడాల్సిన అవసరం లేదు. ఆయన వేడి చూపే ఆ ముల్లుని చూసినంతగా నేను నా తరగతిని కూడా చూసి ఉండను. అయినా ఆగేదాన్ని. మా ఇంటికి వెళ్తే నాకూ పలకరించేవాళ్లెవరూ లేరు. అమ్మా నాన్నా దక్షిణాన మా అన్న దగ్గర ఉంటున్నారు.

దారి మీది మంచు తీసే రూడీ ఒకరోజు కాఫీకి వచ్చి, పెట్టె కిటికీలోంచి తొంగి చూశాడు.

"ముసలాడా, దుకాణంలో తొట్టినిండా కోడిపిల్లలున్నాయి. వెళ్లి తెచ్చుకోక ఈ కాపలా ఏంటి?"

"అవి హెల్మివి కావురా."

"కోడికి హెల్మి ఏంటి, ఇంకోటేంటి? పెనంమీదకెళ్తే అన్నీ ఒకటే."

"పెళ్లాం లేనోడివి, నీకేం తెలుస్తుంది?"

"నాకు లేకపోవడమేంటి? ఇద్దరు పెళ్లాలు, ఇద్దరూ వదిలేసి పోయారు. నీకన్నా రెట్టింపు తెలుసు నాకు."

తౌనో తాత నవ్వాడు. జనవరి తర్వాత ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. రూడీ యాలకుల రొట్టె ఇంకో ముక్క తుంచుకుని, పిల్లిని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"వచ్చేసింది! ఒకటి వచ్చేసింది, నువ్వు రా!"

కోటు తొడుక్కుని బీడుకి అడ్డంపడి వెళ్లాను. పెట్టెలో తడిసి ముద్దయిన చిన్న ప్రాణి ఒకటి, తన పెంకు పక్కనే పడి ఉంది. తల నిలపలేక వాల్చేస్తోంది, మళ్లీ ఎత్తుతోంది. ఎత్తినప్పుడల్లా అరుస్తోంది. మిగతా గుడ్లలో నాలుగింటికి చిల్లు పడింది. చిల్లులోంచి ముక్కు కొన కనబడుతోంది. కొన్ని గుడ్లు ఉండుండి కదులుతున్నాయి.

తుడిచినట్టు ఆరాక అది లేచి నిలబడింది. బూడిదరంగే. అరుపు మాత్రం ఆపలేదు. ఆ పెట్టెంతా తిరిగి గుడ్లని గుద్దుకుంటూ, కిటికీ దగ్గరికొచ్చి నోరంతా తెరిచి అరిచింది.

"ఏడుస్తోంది టీచరమ్మా," అన్నాడు తౌనో తాత. చెయ్యి మూతమీదికి వెళ్లింది.

"తాతా, మూత."

"తెలుసులే. ఆకలేస్తోందేమో?"

"వేయదు. పచ్చసొన దాని కడుపులోకి వెళ్లిపోయి ఉంటుంది. రేపటిదాకా మేతా అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు."

"ఇది ఆకలి ఏడుపు కాదు. ఎవరైనా ఉన్నారా అని అడుగుతోంది."

"ఉన్నారు కదా. పెంకుల్లో నలుగురున్నారు. మనం మూత తీస్తే లోపలి తేమంతా పోతుంది. సగం దాకా వచ్చిన పిల్లల మీద పొర ఎండిపోయి ఒంటికి అతుక్కుంటుంది. ఇక మెడ కూడా తిప్పలేవు. దీన్నొక్కదాన్ని ఓదార్చబోయి ఆ నాలుగింటినీ చంపుకుంటాం."

ఆయన చెయ్యి తీసేశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, కిటికీకి మొహం ఆనించి, నెమ్మదిగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఫిన్నిష్‌లో. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన మా ఊరి పాతవాళ్ల భాష అది. నాకు అందులో కాఫీ, కట్టెలు, మంచిది అనే మాటలు తప్ప రావు. మా ఊళ్లో ఆ భాష మాట్లాడేవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆఖరికి ఆయనా హెల్మీ మాత్రమే మిగిలారు. జనవరి నుంచి ఆయన దాన్ని మాట్లాడటం నేను వినలేదు. మాట్లాడటానికి ఎవరున్నారు?

పిల్ల అరుపు తగ్గింది. కిటికీ దగ్గర కూలబడి, ఆయన ఆగినప్పుడల్లా చిన్నగా ఒక కూత కూసేది. ఆయన మళ్లీ అందుకునేవాడు. నేను కాఫీ పెట్టి ఆయన పక్కన ఉంచాను. చల్లారిపోయినా ముట్టుకోలేదు.

ఇంతలో మంచు మొదలైంది. ఏప్రిల్ చివరి మంచు తడిగా, బరువుగా పడుతుంది. బీడు చివర ఏదో చెట్టు విరిగిన చప్పుడు వినిపించింది. వంటింట్లో దీపం ఆరిపోయింది. ఫ్రిజ్ గురగుర ఆగిపోయింది. పెట్టెమీది చిన్న ఎర్ర బల్బు కూడా.

రూడీకి ఫోన్ చేశాను. "జనరేటరు మా చెల్లెలింట్లో ఉందమ్మా, నేను కొండ అవతల ఉన్నా. తీగ మీద చెట్టు పడింది, ఈ పూటకి కరెంటు రాదనుకో," అన్నాడు. పెట్టెమీద రెండు దుప్పట్లు కప్పాం. అయినా ముల్లు దిగుతూనే ఉంది.

తౌనో తాత లేచాడు. "సౌనాకి పద."

శనివారం కదా, పొద్దున్నే పొయ్యి రాజేసి ఉంచాడు. హెల్మి ఉన్నా లేకపోయినా శనివారం సౌనా మానలేదాయన. మా ఊళ్లో సౌనా అంటే చెమటపట్టే స్నానాల గది ఒక్కటే కాదు. జబ్బు చేసినవాళ్లని అందులోనే పడుకోబెట్టేవాళ్లు. పోయినవాళ్లకి అందులోనే స్నానం చేయించేవాళ్లు. హెల్మి పుట్టింది కూడా పెరటి చివర ఉన్న ఆ దుంగల గదిలోనే. అందుకని ప్రాణం మీదికొస్తే మావాళ్ల కాళ్లు అటే వెళ్తాయి. నాకూ అది తప్పనిపించలేదు. వెచ్చదనం కావాలి, తేమ కావాలి. రెండూ అక్కడే ఉన్నాయి.

పెట్టెని చెరోపక్కా పట్టుకుని, దుప్పటి కప్పి, మోకాలి లోతు మంచులో పెరడు దాటాం. లోపల పిల్ల గొంతు చించుకుంటోంది. "వస్తున్నాం, వస్తున్నాం," అంటూ నడిచాడాయన.

సౌనాలో పొయ్యిమీద రాళ్లుంటాయి, అవి కాలాక గరిటెతో నీళ్లు పోస్తే గదంతా ఆవిరి నిండుతుంది. మెట్లలా మూడు బల్లలుంటాయి. పైబల్ల మీద వేడి ఎక్కువ, కింద నేల దగ్గర చలి. తౌనో తాత బొగ్గులు సగం బయటికి లాగేసి, నడిమి బల్లకి చెంప ఆనించి చూసి, "ఇక్కడ," అన్నాడు. అక్కడే పెట్టాం. కాసేపటికి ముల్లు ఎక్కడుండాలో అక్కడికి వచ్చి నిలబడింది. ఒంట్లో కాస్త నలతగా ఉన్నప్పుడు మనిషికి ఉండేంత వేడి. ఒక గుడ్డుకి చిల్లు చుట్టూ గీత పడటం మొదలైంది. ఇంకాసేపట్లో టోపీ తీసినట్టు పైపెంకు ఊడుతుంది.

"చూశావా టీచరమ్మా? మీ కాలేజీలో సౌనా గురించి చెప్పారా?"

"లేదు తాతా. చెప్పుంటే ఫీజు ఇంకా ఎక్కువ తీసుకునేవాళ్లు."

ఇద్దరం నవ్వుకున్నాం. పొయ్యిలోకి సన్నకట్టెలు, తనకి తాగడానికి ఏదైనా తెమ్మన్నాడు. నేను ఇంట్లోకి వెళ్లాను. కట్టెలు ఏరి, ఫ్లాస్కులో మిగిలిన కాఫీ చూసుకుని తిరిగొచ్చి తలుపు తీసేసరికి మొహం మీద ఆవిరి కొట్టింది. కళ్లజోడు మసకబారి ఏమీ కనబడలేదు. పొయ్యిమీది రాళ్లు ఇంకా సుయ్యిమంటున్నాయి.

తౌనో తాత ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని ఉన్నాడు. చేతిలో చెక్కగరిటె. నీళ్ల తొట్టి పక్కనే ఉంది.

"ఏం చేశావు తాతా?"

ఆయన గరిటెని చూసుకున్నాడు. "ప్రతిసారీ ఆఖర్న ఇంకొక్క గరిటె పొయ్యమంటుంది హెల్మి," అన్నాడు. "చెయ్యి దానంతటదే పోయింది."

తలుపు బార్లా తెరిచి కట్టె అడ్డం పెట్టాను. గది తొందరగానే చల్లబడింది. కానీ పెట్టె థర్మోకోల్‌ది. లోపలికి పోయిన వేడిని వదలదు. ముల్లు ఎక్కుతూనే ఉంది. పిల్ల అరవడం మానేసి, రెక్కలు వాల్చి, నోరు తెరిచి రొప్పుతోంది.

"మూత తీయనా?" అన్నాడు. నన్నే చూస్తున్నాడు. అంత పెద్దమనిషి నన్ను అలా అడగడం ఎప్పుడూ లేదు.

తీస్తే పొర ఎండుతుంది. తీయకపోతే ఉడికిపోతాయి.

"తీయి తాతా."

తీశాడు. పిల్లని రెండు చేతుల్లోకి తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచి నిలబడ్డాడు. అది తేరుకున్నాక చొక్కాలోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నాడు. నేను గుడ్ల చుట్టూ తడిగుడ్డ పరిచి, వేడి దిగాక మళ్లీ మూత వేశాను. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం ఆ పెట్టెకి చెవులు ఆనించి కూర్చున్నాం. పొద్దున లోపలినుంచి టక్కుటక్కుమనే చప్పుడు వినిపించేది. ఇప్పుడు ఏమీ లేదు. సగం తెరుచుకున్న గుడ్డులో ముక్కు కదల్లేదు.

"తేమ కావాలనేగా పోశావు," అన్నాను. "పోయడం తప్పేం కాదు. కాస్త ఎక్కువైంది, అంతే."

"అబద్ధాలాడకు. పిల్లలకి చదువు చెప్పేదానివి."

దీపాలు వెలిగే వేళకి కరెంటు వచ్చింది. ఇంకా ఆశతో పెట్టెని మళ్లీ వంటింట్లో పెట్టి రాత్రంతా ఉంచాడు. తెల్లారాక నేను ఒక్కో గుడ్డే తీసి చూశాను. చూసి నీలం గిన్నెలో పెట్టాను.

మిగిలింది ఒక్కటే. అట్టపెట్టెలో, దీపం కింద, రంపంపొట్టు మీద తిరుగుతూ అరుస్తోంది. మేత చల్లితే చూడలేదు. నీళ్లలో ముక్కు ముంచితే ఒక చుక్క మింగి మళ్లీ అరిచింది. కోడిపిల్ల ఒంటరిగా ఉంటే తినదు. పక్కదాన్ని చూసి పొడవడం నేర్చుకుంటుంది. మా అమ్మమ్మ వాళ్లు ఇలాంటప్పుడు అద్దం పెట్టేవాళ్లు. ఆ మాట అంటే తౌనో తాత లోపలికెళ్లి హెల్మి చేతి అద్దం తెచ్చి అట్టపెట్టెలో గోడకి ఆనించాడు. పిల్ల పరుగున వెళ్లి అద్దానికి రొమ్ము ఆనించి కూర్చుంది. అరుపు ఆగింది. కాసేపటికి అద్దంలోదాన్ని ముక్కుతో మెల్లగా తట్టింది. మళ్లీ తట్టింది.

ఆయన అది ఎంతోసేపు చూడలేకపోయాడు. "తీసెయ్," అన్నాడు. "కోటు తెచ్చుకో. దుకాణానికి పోదాం."

ఆ ఆదివారం ఆయన రాతి గదికి వెళ్లలేదు.

దుకాణంలో రేకు తొట్టినిండా పసుపుపచ్చటి కోడిపిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. కౌంటరు దగ్గరి అమ్మాయి గమ్ నములుతోంది.

"రెండివ్వమ్మా," అన్నాడు తౌనో తాత.

"ఆరుకి తక్కువ ఇవ్వం తాతగారూ."

"ఇంట్లో ఒకటుంది. రెండు చాలు."

"ఆరు తీసుకోవాల్సిందే. ఒకటీ రెండూ అయితే బతకవని రూలు పెట్టారు."

"మంచి రూలే," అన్నాడాయన. "కోళ్లకైనా పెట్టారు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. చిల్లులున్న డబ్బాలో ఆరు పిల్లల్ని పెట్టి ఇచ్చింది. దారంతా డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అట్టపెట్టెలోకి వదలగానే అవి మేత మీద పడ్డాయి. బూడిదరంగు పిల్ల మూలకి తగ్గి నిలబడింది. తర్వాత ఒకడుగు, ఇంకో అడుగు. ఒక పచ్చపిల్ల వచ్చి దాని కాలిగోరు పొడిచింది. అది కూడా వంగి రంపంపొట్టు పొడిచి, తర్వాత మేత పొడిచింది. కాసేపటికి ఏడూ దీపం కింద ఒక కుప్పగా పడుకున్నాయి. మధ్యలో బూడిదరంగు మచ్చ ఒకటి కనిపిస్తోంది. వంటింట్లో ఏ చప్పుడూ లేదు.

తౌనో తాత వంగి ఫిన్నిష్‌లో ఏదో అన్నాడు. పిల్ల కళ్లు తెరవలేదు. "ఇక నన్ను పిలవదులే," అని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మే నెల మధ్యలో నేల మెత్తబడింది. హెల్మి భూస్థాపన రోజు సన్నగా వాన. పాస్టరు గారు, సంఘంలోని ముగ్గురు ముసలమ్మలు, రూడీ, నేను, తౌనో తాత. అంతే. రూడీ ఎక్కడిదో సూటు తొడుక్కుని వచ్చాడు, చేతులు పొట్టి. మట్టి వేసేటప్పుడు ఆయన పక్కనే నిలబడి మోచెయ్యి పట్టుకున్నాడు. తర్వాత చర్చి కింది గదిలో కాఫీ, యాలకుల రొట్టె. ముసలమ్మలు కప్పులు కడుక్కుంటున్నారు.

"పెంపుడుకోళ్లు ఎలా ఉన్నాయిరా ముసలాడా?" అన్నాడు రూడీ, మాట కలపడానికి.

"ఉన్నాయి. నీ పిల్లి కన్ను పడకపోతే ఉంటాయి."

"నా పిల్లేంటి? నీదే. తీసుకెళ్లు, నా తిండంతా తినేస్తోంది."

రూడీ బయటికి వెళ్లాక తౌనో తాత కప్పులోకి చూస్తూ అన్నాడు. "పిచ్చి పని చేశాను కదూ? ఆ గుడ్లు పిల్లలైతే ఆమె ఉన్నట్టేననుకున్నా. తొమ్మిదీ బతికినా ఏమయ్యేది? కోడికి ఆమె ఎవరో తెలుస్తుందా? నేను పోయాక ఆమెని తలుచుకునేది ఎవరు?"

"నేనున్నాను తాతా. నాకు గుర్తుంటుంది."

ఆయన నా చేతిమీద చెయ్యి వేశాడు. చాలాసేపు తీయలేదు.

"నువ్వొక్కదానివేగా," అన్నాడు. "ఒక్కటే అయితే ఎలా ఉంటుందో చూశాం కదా."

ఆయన కప్పులో కాఫీ ఇంకొంచెం పోశాను. ఇంటికొచ్చి బట్టలు మార్చుకోకుండానే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆవిడ పేరు హెల్మి లాసిలా. పొట్టిగా ఉండేది, గట్టిగా నవ్వేది. బస్సు ఆలస్యమైతే తన చేతితొడుగులు నాకు వేసి, తను చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడేది. నాకు కూడికలు రాకపోతే బఠాణీలు పోసి నేర్పింది, తప్పు చెబితే ఆ బఠాణీలు తినేసేది. మీరు ఆవిణ్ని చూడలేదు, మా ఊరు కూడా చూసి ఉండరు. అయినా ఇక్కడిదాకా చదివారు కాబట్టి అడుగుతున్నాను. ఎప్పుడైనా ఒక్కసారి ఆవిణ్ని తలుచుకోండి. గుర్తుపెట్టుకునేవాళ్లం కనీసం ఆరుగురమైనా ఉండాలి.